ఇసుక చెక్కలో గోధుమ: మాంగనీస్ పిచికారీలతో నా అనుభవం

లూథియానాలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు నా పరిశోధనకు ఒక సర్దార్జీ గోధుమ చేను దొరికింది. ఒకప్పటి ఇసుక దిబ్బను చదును చేసి కలుపుకున్న చెక్క ఒకటి అందులో ఉంది. ఏటా అక్కడి పైరే పాలిపోతుంది. అంతకుముందు ఏడాది ఆయన యూరియా ఎక్కువ వేశారు. షాపువాళ్లు అంటగట్టిన పోషకాల సీసా కూడా కొట్టారు. రంగు తిరగలేదు.

ఆకును చేతిలోకి తీసుకుని చూస్తే విషయం తెలుస్తుంది. నత్రజని తక్కువైతే అడుగున ఉన్న ముదురాకు కొన నుంచి పసుపెక్కుతుంది. ఇక్కడ అలా కాదు. నడిమి ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య భాగం వెలిసిపోయింది. ఆకు మొదలు వైపు బూడిద, లేత గులాబి రంగు మచ్చలు మొదలై, కొన్నిచోట్ల కలిసిపోయి చారలయ్యాయి. ఇది మాంగనీస్ లోపం.

దీని మూలం ఖరీఫ్‌లో వేసిన వరిలో ఉంది. నీళ్లు నిలిచిన మడిలో మాంగనీస్ కరుగుతుంది. ఇసుక నేల నీటిని ఆపలేదు కాబట్టి అదీ నీటితో పాటే వేళ్లకు అందనంత కిందికి దిగిపోతుంది. పోనీ నేలలో వేద్దామంటే, గాలి బాగా ఆడే క్షార నేలలో అది త్వరగా మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది. అందుకే ఆకు మీదే కొట్టాలి.

పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు ప్రకారం ఎకరానికి కిలో మాంగనీస్ సల్ఫేట్‌ను 200 లీటర్ల నీటిలో కలిపాం, అంటే 0.5 శాతం. మొదటి తడికి 2-4 రోజుల ముందు ఒకసారి, తర్వాత వారానికొకటి చొప్పున మూడుసార్లు కొట్టాలి, అదీ ఎండ ఉన్న రోజునే. ఈ ఎండే మాకు పెద్ద టెన్షన్. జనవరిలో పొగమంచు పడితే పొద్దెక్కినా ఆకుల మీద నీళ్లు కారుతుంటాయి. తడి ఆకు మీద కొడితే మందు పలచనై జారిపోతుంది. ట్యాంకు నింపుకుని గట్టు మీద కూర్చుని మంచు ఆరేదాకా చూసేవాళ్లం.

తడి తర్వాత రెండోసారి కొట్టాక పైరు పచ్చబడింది. "ఆకు బాగైంది కదా బేటీ, మళ్లీ ఎందుకు?" అన్నారు సర్దార్జీ. నేను ఒక పిలకను విడదీసి చూపించాను. మందు పడిన ఆకు పచ్చగా ఉంది, దాని పైన కొత్తగా విచ్చుకున్న ఆకులో మళ్లీ ఈనెల మధ్య పాలిపోయిన గీతలు. మాంగనీస్ పాత ఆకు నుంచి కొత్త ఆకుకు పెద్దగా కదలదు. "అయితే ప్రతి కొత్త ఆకుకూ విడిగా పెట్టాలన్నమాట" అన్నారాయన. ఆ తర్వాత ఒక్క వారం కూడా వాయిదా వేయలేదు. నాకు పరీక్షలున్న వారం ఆయనే స్వయంగా కొట్టారు.

లోపం ముదిరితే పోటాకు (వెన్నుకు కింద వచ్చే చివరి ఆకు) మెలిపడి, వెన్ను కొడవలిలా వంగి కష్టంగా బయటికొస్తుంది. పోల్చి చూడటానికి మందు కొట్టకుండా వదిలిన వరుసల్లో అలాంటివి చాలా కనిపించాయి. కొట్టిన వైపు వెన్నులు నిటారుగా వచ్చాయి. పోటాకు దశలోనూ పూత దశలోనూ 2 శాతం పొటాషియం నైట్రేట్ కూడా కొట్టాం. అది మార్చి ఎండల్లో గింజ నొక్కుకుపోకుండా కాపాడటానికి.

కోత అయ్యాక సర్దార్జీ ఆ చెక్క వరకు వరి మానేసి మొక్కజొన్న వేస్తానన్నారు. నీళ్లు నిలబెట్టకపోతే మాంగనీస్ కిందికి పోవడమూ తగ్గుతుంది. అయినా తర్వాతి రబీకి మాంగనీస్ సల్ఫేట్ ముందే తెచ్చి పెట్టుకోమని చెప్పి వచ్చాను.