హంపిలో యాళిని కింది నుంచి చూడాలి

హొసపేట నుంచి హంపి 13 కిలోమీటర్లు. ఉదయం ఏడింటికల్లా విరూపాక్ష ఆలయం చేరుకున్నాం. ఈసారి హంపి అంతా తిరిగే ఉద్దేశం లేదు. మా గురి యాళి మీదే, అంటే సింహం, ఏనుగు, గుర్రం లాంటి జంతువుల రూపాలు కలిపి గుడి స్తంభాల మీద చెక్కే కల్పిత మృగం. సంస్కృతంలో దాన్నే వ్యాళం అంటారు.

కృష్ణదేవరాయలు 1510లో కట్టించిన రంగమండపంలో స్తంభాల మీద యాళులు వెనక కాళ్లపై లేచి నిలబడి ఉంటాయి. చాలామంది తల ఎత్తి మొహం చూసి, సింహమనుకుని ముందుకు వెళ్లిపోతారు. పాదాల దగ్గర మొదలుపెడితేనే ఆ రూపం అర్థమవుతుంది. ముందు యాళి దేని మీద నిలబడిందో చూడాలి. ఇక్కడ కింద ఉన్నది మకరం: మొసలి దవడలు, ఏనుగు తొండం, చేప ఒళ్లు. తర్వాత యాళి పాదాలు చూడాలి. గోళ్లున్నాయంటే సింహం పాలు ఎక్కువ, గిట్టలుంటే గుర్రం పాలు. ఆ పైన వీపు మీద రౌతు, చివరికి చెవులు, కళ్లు, ముక్కు. తొండముంటే గజవ్యాళం, గుర్రపు మూతి అయితే అశ్వవ్యాళం, జూలుతో సింహపు మొహమే ఉంటే సింహవ్యాళం.

మండపం లోపల వెలుతురు తక్కువ. చిన్న టార్చి ఉంటే మంచిది, కానీ ఎదురుగా వేస్తే చెక్కడం అంతా చదునైపోతుంది. పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు ఏటవాలుగా వేస్తే జూలులోని ఒక్కో ఉంగరం లేచి కనిపిస్తుంది. ఫోను ఫ్లాష్‌తో తీసిన ఫొటోలు బాగా రాకపోవడానికి కారణం కూడా ఇదే.

విరిగిన చోట్లు కూడా చూడదగ్గవే. స్తంభానికి అంటకుండా గాల్లోకి చెక్కిన తొండాలు, ముందు కాళ్లు, రౌతు చేతులు ముందు పోతాయి. గ్రానైట్ బరువును బాగా మోస్తుంది, పక్క నుంచి తగిలే దెబ్బకు మాత్రం సన్నని భాగం నిలవదు. అది తెలిసీ అంత సన్నగా చెక్కిన శిల్పుల ధైర్యానికి దండం పెట్టాలి.

1513 నాటి కృష్ణాలయంలోనూ యాళి స్తంభాలున్నాయి. జనం తక్కువ కాబట్టి తీరిగ్గా చూడొచ్చు.

అక్కడికి దగ్గర్లోనే నరసింహుడు. 1528లో ఒకే బండలో చెక్కిన 6.7 మీటర్ల విగ్రహం. ఆదిశేషుడి చుట్టల మీద కూర్చున్నాడు, తల మీద ఏడు పడగలు, వాటి పైన కీర్తిముఖం అనే భూతం మొహం. రాహువును మింగడానికి శివుడు సృష్టించిన ఆ భూతం, రాహువు శరణు వేడాక ఆకలి తీరక తన ఒంటినే తినేసి మొహం మాత్రం మిగుల్చుకుందని పురాణం. అందుకే దానికి సాధారణంగా ఒళ్లు చెక్కరు. ఒడిలోని లక్ష్మి విగ్రహం ధ్వంసమైంది, స్వామి వెనక చుట్టిన ఆమె చెయ్యి మాత్రం మిగిలింది. పక్కకు నడిచి వెతికితేనే కనిపిస్తుంది. మోకాళ్లను కలిపే రాతి పట్టీ తర్వాతి మరమ్మతుల్లో అమర్చింది.

విఠ్ఠలాలయానికి మధ్యాహ్నం దాటాక వెళ్లాం. వాహనాలు ఆపే చోటి నుంచి కిలోమీటరు దూరం, బ్యాటరీ బండ్లు తిరుగుతాయి. సంగీత స్తంభాల మండపం ఎక్కనివ్వరు, యాళులను కింద నుంచే చూడాలి. బైనాక్యులర్లు లేకుండా వెళ్తే సగం చూడనట్టే.

యాభై రూపాయల నోటు మీది రాతి రథం ఈ ప్రాంగణంలోదే. అది గరుత్మంతుడి గుడి. ముందున్న ఏనుగులు తర్వాత తెచ్చి పెట్టినవి. వంగి వాటి వెనక చూడండి, మొదట చెక్కిన గుర్రాల కాళ్లు, తోకలు ఇంకా రాతికి అంటుకునే ఉన్నాయి.