స్ప్రింగ్ బూట్‌ను బీన్‌స్టాక్‌కి ఎక్కించినప్పుడు 502 ఎందుకొచ్చింది

లోకల్‌లో బాగా నడుస్తున్న స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్‌ను ముంబై రీజియన్‌లో, ఏడబ్ల్యూఎస్ ఎలాస్టిక్ బీన్‌స్టాక్ (అప్లికేషన్‌లను నడిపిపెట్టే అమెజాన్ క్లౌడ్ సేవ) మీద పెట్టాను. ప్లాట్‌ఫామ్ కొరెట్టో 17, అంటే అమెజాన్ ఇచ్చే జావా 17.

గ్రేడిల్ అనే టూల్‌తో చేసే బిల్డ్ రెండు జార్‌లు (జావా ప్రోగ్రామ్ ప్యాకేజీ ఫైళ్లు) ఇస్తుంది. పేరు చివర 'ప్లెయిన్' అని ఉన్నదాంట్లో మన క్లాసులే తప్ప లైబ్రరీలు ఉండవు. అది ఎక్కిస్తే 'నో మెయిన్ మానిఫెస్ట్ అట్రిబ్యూట్' అంటుంది. పదుల ఎంబీ ఉన్న రెండోదే కావాలి. లాగ్‌లో క్లాస్ ఫైల్ వెర్షన్ 65 అని కనిపిస్తే బిల్డ్ జావా 21తో అయినట్టు. 17కి కావలసింది 61.

జార్ సరిగ్గానే ఎక్కింది, బ్రౌజర్‌లో మాత్రం 502, అంటే ముందున్న సర్వర్‌కు వెనకనున్న అప్లికేషన్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్. కోడ్ జోలికి పోకుండా ఫుల్ లాగ్స్ దించి, రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకున్నాను. ఒకదాంట్లో 'టామ్‌క్యాట్ స్టార్టెడ్ ఆన్ పోర్ట్ 8080' (టామ్‌క్యాట్ అంటే అప్లికేషన్ లోపలి వెబ్ సర్వర్). బయటి రిక్వెస్ట్‌లను అప్లికేషన్‌కు అందించే ఎన్జిన్ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో '127.0.0.1:5000, కనెక్షన్ రిఫ్యూజ్డ్'. అంటే అప్లికేషన్ బతికే ఉంది, ఎన్జిన్ఎక్స్ వేరే తలుపు తడుతోంది. ఎన్విరాన్‌మెంట్ ప్రాపర్టీల్లో 'సర్వర్_పోర్ట్' (ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో) 5000 అని పెట్టగానే పేజీ తెరుచుకుంది.

తర్వాతది డేటాబేస్. ఇక్కడ ఎర్రర్ ఎంతసేపటికి వచ్చిందన్నదే అసలు ఆనవాలు. పాస్‌వర్డ్ తప్పైతే వెంటనే తిడుతుంది. సెకన్ల తరబడి ఉలుకూపలుకూ లేకుండా ఉండి టైమౌట్ అయితే ముందు సెక్యూరిటీ గ్రూప్ (ఏడబ్ల్యూఎస్ ఫైర్‌వాల్ రూల్స్) చూడాలి. ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సేవ) ఇన్‌బౌండ్ రూల్‌లో పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టుకు సోర్స్‌గా బీన్‌స్టాక్ ఇన్‌స్టెన్స్‌ల (సర్వర్ మెషీన్‌ల) సెక్యూరిటీ గ్రూప్ ఇచ్చాను. అందరికీ తెరిచేస్తే పని అవుతుంది కానీ, ఆ పని చేయకండి.

ఫైల్ అప్‌లోడ్‌కు రెండు చోట్ల అడ్డం: స్ప్రింగ్‌లో ఒక్కో ఫైలుకు 1 ఎంబీ, ఎన్జిన్ఎక్స్‌లో మొత్తం రిక్వెస్ట్‌కు 1 ఎంబీ. స్ప్రింగ్‌లో మాత్రమే పెంచితే 413 (రిక్వెస్ట్ మరీ పెద్దదనే ఎర్రర్) పోదు. ఎన్జిన్ఎక్స్ సెట్టింగ్ ఫైలు '.ప్లాట్‌ఫామ్' ఫోల్డర్‌లో వెళ్లాలి కాబట్టి ఒట్టి జార్ చాలదు. జార్, ప్రాక్‌ఫైల్ (అప్లికేషన్‌ను ఎలా మొదలుపెట్టాలో చెప్పే ఫైలు), ఆ ఫోల్డర్ కలిపి జిప్ చేయాలి. పై ఫోల్డర్‌ను కాదు, లోపలున్నవాటిని ఎంచుకుని జిప్ చేయాలి, లేకపోతే ప్రాక్‌ఫైల్ బీన్‌స్టాక్‌కు కనిపించదు.

అప్‌లోడ్ అయిన ఫైళ్లను ఇన్‌స్టెన్స్ డిస్క్‌లో ఉంచలేదు, ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్ అయిన ఎస్3కి పంపాను. బీన్‌స్టాక్ ఆ మెషీన్‌ను తీసేసి కొత్తది పెడితే డిస్క్‌లోవి పోతాయి. ప్రయోగం అయ్యాక ఎన్విరాన్‌మెంట్ టెర్మినేట్ చేశాను. విడిగా సృష్టించిన ఆర్‌డీఎస్ దాంతోపాటు పోదు, బిల్లు ఆగదు. దాన్ని వేరుగా డిలీట్ చేయాల్సిందే.