బొంత నేర్చుకోడానికి యల్లాపుర దాకా

మా ఇంట్లో బీరువా పక్కన ఒక గోనెసంచి ఉంది. ఆరేళ్ల నుంచి అందులో గుడ్డముక్కలు పోగవుతున్నాయి. పాప గౌన్లు కుట్టించినప్పుడు మిగిలినవి, అమ్మ పాత నేతచీరలు, జాకెట్ కటింగులు, మా ఊరు, అనంతపురం జిల్లా రాయదుర్గం, వెళ్లినప్పుడల్లా జీన్స్ కుట్టే షెడ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న ముక్కలు. మా జేజి కుట్టినట్టు నేనూ ఒక బొంత కుట్టాలని. సెలవు రోజున అన్నీ నేలమీద పరుస్తాను, రంగులు జతచేస్తాను, ఎరుపు చాల్లేదనిపిస్తుంది, ఇంకొన్ని వచ్చాక చూద్దాంలే అని మళ్లీ సంచిలో కుక్కేస్తాను. ఆరేళ్లలో ఒక్క కుట్టు కూడా పడలేదు.

ఈ జనవరిలో ఉత్తర కన్నడ జిల్లాకి వెళ్లడానికి కారణం ఆ సంచే. హైదరాబాద్‌లో మేముండేది మాసాబ్‌ట్యాంక్ వైపు. పక్కనే ఏసీ గార్డ్స్. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, నిజాం కొలువులో ఆఫ్రికా సంతతి అశ్వికదళం ఉండేదని, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారని, పెళ్లి ఊరేగింపుల్లో మనం వినే మర్ఫా వాయించేవాళ్లలో వాళ్లూ ఉన్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఆసక్తితో సిద్దీల గురించి, అంటే మన దేశంలోని ఆఫ్రికా సంతతి వాళ్ల గురించి, చదువుతూ పోతే కర్ణాటక అడవుల్లో ఉండే సిద్దీలు కనిపించారు. వీళ్ల దారి వేరు, చాలామంది పూర్వీకులని పోర్చుగీసువాళ్లు బానిసలుగా గోవాకి తెచ్చారు, అక్కడి నుంచి తప్పించుకుని యల్లాపుర, హళియాళ, ముండగోడ అడవుల్లో స్థిరపడ్డారు. ఆ చదువులోనే ఒక బొంత ఫొటో చూశాను. వాళ్ల మాటలో కవంది. చుట్టూ అంచు నుంచి మొదలై చతురస్రం లోపల చతురస్రంలా మధ్యకి వెళ్లే కుట్లు. ఫొటో చూస్తుంటేనే ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ఆపారో తెలిసిపోతోంది. అది పక్కన కూర్చుని చూడాలనిపించింది.

సంక్రాంతికి ఊరికి వెళ్లి, కనుమ అయిన మర్నాడు బళ్లారి వచ్చి రైలెక్కాను. హొసపేట, కొప్పళ, గదగ మీదుగా హుబ్బళ్లి. అక్కడ నా కాలేజీ స్నేహితురాలు టీచరు, తనతో పనిచేసే ఒకావిడది యల్లాపుర వైపే, ఆవిడ ముందుగానే ఫోన్ చేసి అడిగి పెట్టింది. అడగకుండా ఎవరింటి గడప ముందో కెమెరా పట్టుకుని నిలబడటం నాకు ఇష్టం లేదు. హుబ్బళ్లి నుంచి యల్లాపుర సుమారు 70 కిలోమీటర్లు. కలఘటగి దాటేదాకా మన వైపు పొలాల్లాగే ఉంటుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి రెండువైపులా టేకుచెట్లు, చలి. రాయదుర్గం ఎండలో పెరిగిన నాకు ఆ పచ్చదనం చూస్తే గుండె నిండిపోయింది.

మేం వెళ్లిన ఇంట్లో అరవై దాటిన అజ్జి (కన్నడలో అవ్వ), ఆవిడ కోడలు. అజ్జి మాట్లాడేది కొంకణి కలిసిన భాష, నాకు అందదు. సరిహద్దు ఊరిలో పెరిగాను కాబట్టి కన్నడ వచ్చు, కోడలు మధ్యలో కన్నడలోకి మార్చి చెప్పింది. పేడతో అలికిన అరుగు మీద సగం అయిన కవంది పరిచి ఉంది. అజ్జి నన్ను "కూర్చో తంగీ" (చెల్లీ) అని పక్కకి జరిగి చోటిచ్చింది.

అడుగున ఒక పాత చీర. దాని అంచుని లోపలికి మడిచి, ఒక మూలన మొదటి ముక్క పెట్టి, ముక్క అంచు కూడా బొటనవేలితో మడిచి, అన్ని పొరలూ కలిపి సూది దించుతుంది. మూడు నాలుగు కుట్లు సూదిమీదే ఎక్కించి ఒక్కసారి లాగుతుంది. ఆ ముక్క అయిపోతుంటే దానిమీద కొంచెం ఎక్కేలా ఇంకో ముక్క. మూల వచ్చిందా, బొంతని తన వైపు తిప్పుకుని మళ్లీ అదే వరస. ఒక చుట్టు పూర్తయితే దాని లోపల ఇంకో చుట్టు. మనం టీవీల్లో చూసే విదేశీ పద్ధతిలో ముందు ముక్కలన్నీ జతచేసి పైభాగం తయారుచేస్తారు, తర్వాత లోపలి పొర, అడుగు పొర కలిపి కుడతారు, చివర్న అంచుకి పట్టీ వేస్తారు. ఇక్కడ అన్ని పనులూ ఒకే సూదిపోటులో అవుతున్నాయి. అంచు మొదటిరోజే తయారు. ముక్కలన్నీ ముందే చేతిలో ఉండాల్సిన పనే లేదు, ఈ నెల రెండు చుట్లు కుట్టి మడిచి అటక మీద పెట్టినా, మళ్లీ గుడ్డ దొరికినప్పుడు సరిగ్గా అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. నా ఆరేళ్ల సంచి గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.

"ఏ రంగు పక్కన ఏ రంగు అని ముందే అనుకుంటారా అజ్జీ?"

"అనుకుని కూర్చుంటే చలికాలం వెళ్లిపోదూ? చేతికొచ్చింది పెడతాను. బాగోలేదనుకో, దాని పక్కన బాగుండేది ఇంకోటి పెడతాను."

కోడలు నవ్వి, అత్త చెప్పినంత తేలిగ్గా ఏమీ పెట్టదని, పసుపుముక్క ఒకటి రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని తిరిగిందని చెప్పింది. ఆ ముక్క నాకు కూడా చూపించారు, చేతివేలంత సన్నటిది, రెండు ముదురు నీలాల మధ్య దీపంలా ఉంది.

నేను తీసుకెళ్లిన ముక్కలు బయటికి తీశాను. అజ్జి ఒక్కోటి వేళ్ల మధ్య నలిపి చూసింది. పాలియెస్టర్ జారిపోతుంది, అది విడిగా పెట్టమంది. కొత్త కాటన్‌ని ఉతక్కుండా పాత చీరకి కుడితే మొదటి ఉతుకులోనే ముడుచుకుని పక్కవాటిని లాగేస్తుందట, కాబట్టి అన్నీ నానబెట్టి ఆరేశాకే కుట్టాలి. జీన్స్ ముక్క నేనే మూలన పెట్టి కుట్టబోయాను, మడత దగ్గర సూది పుటుక్కున విరిగింది. నాకు చాలా బాధేసింది, అక్కడ ఇంకో మందపాటి సూది కావాలంటే బస్సెక్కి వెళ్లి తెచ్చుకోవాలి. అజ్జి ఏమీ అనలేదు. జీన్స్‌ని మడత వేయకుండా చదునుగా లోపలి పొరలో పరవమంది. వెచ్చదనానికి వెచ్చదనం, సూదికీ అడ్డం ఉండదు. ఈ ఒక్క చిట్కా కోసమైనా ఆ ప్రయాణం చేయొచ్చు అనిపించింది, ఎందుకంటే నా సంచిలో సగం జీన్సే.

మధ్యాహ్నం గంజి అన్నం, అప్పెమిడి ఊరగాయ పెట్టారు. అప్పెమిడి అంటే ఆ అడవుల్లో కాసే చిన్న మామిడిపిందెలు, వాసన చాలా రోజులు గుర్తుంటుంది. తింటూ కోడలు చాలా విషయాలు చెప్పింది. సిద్దీల్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు, కవందిలు ముగ్గురిళ్లలోనూ కుడతారు, కొన్నిటిమీద శిలువ, కొన్నిటిమీద నెలవంక కనిపిస్తుంది. ఉత్తర కన్నడ సిద్దీలని 2003లో ఎస్టీ జాబితాలో చేర్చారు, అది తన భర్త చదువుకి పనికొచ్చిందట. 2020లో శాంతారామ సిద్ది శాసనమండలి సభ్యుడైన రోజు చెబుతున్నప్పుడు ఆమె గొంతే మారింది. ఆ సముదాయం నుంచి కర్ణాటకలో చట్టసభకి వెళ్లిన మొదటి మనిషి ఆయన.

సాయంత్రానికి అజ్జి నాలుగు మూలలకీ పెట్టే పూలు చూపించింది. ఫుల అంటారు. చిన్న చదరపు గుడ్డని త్రికోణంగా మడతలు పెట్టి మూలల్లో కుడతారు. వాటివల్ల బలం పెరగదు, వెచ్చదనం పెరగదు. అయినా అవి లేకపోతే కవంది పూర్తయినట్టు లెక్క కాదు, బోసిమెడలా ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మిగిలిపోయిన గుడ్డతో అవసరం కోసం కుట్టుకునే వస్తువుకి కూడా అలంకారం లేకుండా వదలకపోవడం.

ఆ కవంది కొనుక్కుంటానని అడిగాను. అది పుట్టబోయే మనవడికో మనవరాలికో అంది. పక్కింటావిడ దగ్గర అమ్మడానికి కుట్టింది ఒకటి ఉంటే కొన్నాను, ఆవిడ చెప్పిన ధరకే. అన్ని వారాల చేతిపనికి బేరమాడటం నాకు తప్పనిపిస్తుంది. ఆ రాత్రి అదే కప్పుకుని అజ్జి వాళ్లింట్లోనే పడుకున్నాం. రజాయిలా గాలిగా ఉండదు, బరువుగా ఒంటిని పట్టుకుని ఉంటుంది, ఆ బరువుకే నిద్ర పట్టేసింది.

తిరుగు ప్రయాణంలో గదగ దాటేలోపు నా మొదటి మూల కుట్టేశాను. ఇప్పుడు రెండో చుట్టులో ఉన్నాను, రోజుకి ఒక ముక్క, కొన్ని రోజులు అదీ లేదు. కింద టైలర్ షాపు అన్న లైనింగ్ ముక్కలు పక్కన పెడుతున్నాడు.

దారిలో రాయదుర్గంలో ఆగినప్పుడు జేజి బొంత తీయించాను. చిన్నప్పటి నుంచి కప్పుకున్నదే, ఎప్పుడూ వెనక్కి తిప్పి చూడలేదు. కవందిలా చుట్లు కావు, ఒక కొస నుంచి ఇంకో కొసకి తిన్నగా సాళ్లలా కుట్లు. మధ్యలో ఒకచోట ఖాకీ ముక్క ఉంది, నాన్న స్కూలు నిక్కరుదట, అమ్మ చెప్పింది. సరిగ్గా దాని పక్కన తెల్లదారం అయిపోయి ముడి ఉంది, అక్కడి నుంచి చివరి దాకా నీలం దారం.