మామిడి పలక, నాలుగో ఆదివారం: ఆ జానెడు చోట మళ్ళీ పెచ్చులే

చిత్రిక పడుతుంటే పెచ్చు మళ్ళీ లేచింది. అదే చోట, కొమ్మ మొలిచిన వైపు చివర నుంచి 140 మి.మీ. దగ్గర, జానెడు మేర. మిగతా పలకంతా అద్దంలా వచ్చింది, దాని గురించి చెప్పడానికేం లేదు.

ఇది నూజివీడు వైపు కొట్టేసిన పాత మామిడి తోట దుంగ. సామిల్లులో ప్యాకింగ్ పెట్టెలకి పోవాల్సిన పలక, 620 x 190 x 28 మి.మీ. మీద నీళ్ళు చల్లితే చెక్క నారలో అలలు, అంటే అడ్డంగా మెరిసే చారలు, కనిపించాయి, బేరం కూడా ఆడకుండా తెచ్చేశా. తేమ ఇప్పుడు 12 శాతం, కాబట్టి పచ్చి చెక్క అనే సాకు లేదు.

పోయిన వారం తిక్కరేగి, పలక పక్కనుంచి కోసిన ముక్కని పలక ముఖానికి సమాంతరంగా ఉలి పెట్టి చీల్చా. రంపంతో కోస్తే నిజం తెలీదు, చీలిస్తే నార ఎటు పోతే చీలిక అటే పోతుంది. చీలిన ముఖం అచ్చం సిమెంటు రేకులా ఉంది, వేలు పెట్టి రాస్తే గతుకులు తెలుస్తున్నాయి. దూరపు చివర అలకీ అలకీ మధ్య 10 మి.మీ., ఎత్తుపల్లాల తేడా 1 మి.మీ. కొమ్మ వైపు 6 మి.మీ.కి ఒక అల, తేడా 0.8. లెక్క వేస్తే అక్కడ 10 మి.మీ. అలకి నార వాలు ఎక్కువలో ఎక్కువ దాదాపు 17 డిగ్రీలు, కొమ్మ దగ్గర 23. అంటే కొమ్మ దగ్గర 3 మి.మీ. మేర నార పైకి లేస్తుంది, తర్వాతి 3 మి.మీ. లోపలికి దిగుతుంది, చిత్రిక ఎటు తోసినా సగం దారి ఎదురు నారే. పైకి లేచిన చోట వెలుగు ఒకలా, దిగిన చోట ఇంకోలా తిరిగి వస్తుంది కాబట్టే పలకని అటూ ఇటూ వంచితే చారలు కదులుతాయి. మురిసిపోయేదీ అందుకే, పెచ్చులు లేచేదీ అందుకే.

అల ఎందుకొచ్చిందంటే, నా అనుమానం కొమ్మ బరువు మీదే. కొమ్మ కింద చెక్క ఏళ్ళ తరబడి ఒత్తిడిలో పెరిగి ముడతలు పడుతుందేమో. మళ్ళీ సామిల్లుకెళ్ళి అదే దుంగ మిగతా పలకలు చూశా, అన్నీ సాదా. చెట్టు పుట్టుకలోనే ఉంటే మిగతా పలకల్లోనూ కొంతైనా కనిపించాలేమో. ఉత్తర యూరప్‌లో కరేలియన్ బర్చ్ అని ఒకటుంది, దానికి విత్తనంతోనే వస్తుంది, అది వేరే కథ. మన శేషాచలం ఎర్రచందనంలోనూ అలల నార ఉన్న దుంగకి రేటే వేరు, జపాన్ వాళ్ళ షామిసెన్ వాయిద్యం కాడకి అదే కావాలి. దాని జోలికి మనం పోలేం, పోకూడదు కూడా.

సరే, పెచ్చుల సంగతి. నా చిత్రిక స్టాన్లీ నంబర్ 4, అందులో బ్లేడు వాలు 45 డిగ్రీలు. మొదటిసారి 0.4 మి.మీ. లోతు గుంటలు. బ్లేడు వెనక 15 డిగ్రీల వాలు పెట్టి 60 చేశా, చేతులు పడిపోయాయి గానీ లోతు 0.15కి వచ్చింది. తర్వాత ఆ వాలు తీసేసి, క్యాప్ ఐరన్‌ని (బ్లేడు మీద బిగించే ఇనుప రేకు) బ్లేడు అంచుకి 0.2 మి.మీ. దగ్గరికి, అంటే వెండి గీతంత మిగిలేలా జరిపా. నన్నడిగితే కొత్త చిత్రికలకి వేలకు వేలు పోసే ముందు ఇదొక్కటీ నేర్చుకోవాలి, పలకంతా దీంతోనే నునుపైంది. ఆ జానెడు తప్ప.

నిన్న రాత్రి టార్చి పక్కనుంచి వేసి చూస్తే అర్థమైంది. అక్కడ సన్నటి నల్లగీత ఉంది, చెక్కని కుళ్ళబెట్టే బూజు (శిలీంధ్రం) పట్టినప్పుడు వచ్చేది. గీతకి ఒక పక్క గోరు నొక్కితే దిగట్లేదు, రెండో పక్క దిగుతోంది! నెల రోజులుగా అల మీద తిట్టుకుంటున్నా, అసలు దొంగ బూజు. మెత్తబడ్డ నారని ఏ కోణంలో కోసినా తెగదు, ఊడొస్తుంది.

ఇవాళ ఒక మూల ఫెవిక్విక్ పోసి, ఆరాక స్క్రేపర్ (చెక్కని గీకే ఉక్కు రేకు) పట్టా. గట్టిపడింది, పెచ్చు లేవలేదు, కానీ చార అక్కడ గాజులా ముదురు రంగుకి తిరిగింది, పాలిష్ వేస్తే ఇంకా కనిపిస్తుందేమో. వచ్చే వారం అదే మూల పక్కన పల్చటి లక్క పాలిష్ మూడు పూతలు ఇంకించి చూస్తా. ఎమెరీ పేపర్‌తో రుద్దేయమని మా బావ సలహా, నేను రుద్దను, ఆ దుమ్ము నారలో కూరుకుపోయి చారల మెరుపు మందగిస్తుంది.

ఈలోగా అరకు నుంచి సిల్వర్ ఓక్ ముక్క ఒకటి వస్తోంది, కాఫీ తోటల్లో నీడకి పెంచేదే. దాన్ని దుంగ నడిమి నుంచి బెరడు వైపుకి కోయిస్తే లేసు అల్లినట్టు మచ్చలొస్తాయి, అవి అలలు కావు, నడిమి నుంచి బెరడుకి అడ్డంగా పోయే కణాల వరసలు (ఇంగ్లీషులో రే). గోరు పరీక్ష మాత్రం ఈసారి కొనేముందే.