ఒకే ఆల్బం, మూడు మిక్సులు: పింక్ ఫ్లాయిడ్‌ను పోల్చి విన్న నా అనుభవం

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973 మార్చిలో విడుదల చేసిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బంను స్టీరియోలో (ఎదుటి రెండు స్పీకర్లతో) వినడం మేలా, సరౌండ్‌లో (చుట్టూ అమర్చిన స్పీకర్లతో) వినడం మేలా అన్న ప్రశ్నకు ఇతరుల అభిప్రాయాలను పక్కన పెట్టి నా చెవులతోనే జవాబు వెతుక్కోవాలని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను. 2011లో వెలువడిన ‘ఇమ్మర్షన్’ పెట్టె చేతికి వచ్చాక ఆ పనికి పూనుకున్నాను. ఆ పెట్టెలోని ఈ ఆల్బం మిక్సుల్లో (అంటే వాయిద్యాలనూ గొంతులనూ స్థాయి, చోటు నిర్ణయించి కలిపిన కూర్పుల్లో) మూడింటిని పోలికకు ఎంచుకున్నాను. మొదటిది ఆబీ రోడ్ స్టూడియోలో అలన్ పార్సన్స్ ఇంజనీరుగా, చివరి దశలో క్రిస్ థామస్ పర్యవేక్షణలో తయారైన అసలు స్టీరియో మిక్స్. రెండవది నాలుగు స్పీకర్ల కోసం ఆ రోజుల్లోనే పార్సన్స్ చేసిన క్వాడ్రాఫోనిక్ మిక్స్. మూడవది ముప్ఫయ్యో వార్షికోత్సవం సందర్భంగా ఇంజనీరు జేమ్స్ గత్రీ చేయగా 2003లో ఎస్‌ఏసీడీ (మెరుగైన నాణ్యత గల సీడీ) మీద వచ్చిన 5.1 మిక్స్, అంటే అయిదు స్పీకర్లకూ ఒక ప్రత్యేక బేస్ స్పీకరుకూ చేసినది.

వినడం మొదలుపెట్టకముందే ఒక సంగతి స్పష్టం చేసుకోవలసి వచ్చింది. పెట్టెలోని స్టీరియో రీమాస్టర్ మాత్రమే. అంటే 1973లో ఖరారైన రెండు ఛానెళ్ల మిక్సునే తీసుకుని దాని స్థాయిని, స్వరాల సమతూకాన్ని సవరించారే తప్ప, ఏ వాయిద్యం ఎంత గట్టిగా, ఏ పక్కన వినిపించాలన్న నిర్ణయాల జోలికి వెళ్లలేదు. 5.1 మిక్స్ సంగతి వేరు. రికార్డింగు నాటి 16 ట్రాకుల (శబ్దాలను విడివిడిగా పట్టే వరుసల) టేపు నిండిపోయినప్పుడు అందులోని వాయిద్యాలను కుదించి రెండో టేపు మీదికి ఎక్కించి, అలా ఖాళీ అయిన ట్రాకుల్లో మిగిలినవి నింపారు. కాబట్టి స్టీరియోలో మనం వినే డ్రమ్స్, బేస్ ఒక నకలు దాటి వచ్చినవి. గత్రీ ఆ మొదటి తరం టేపులనే వెతికి తీసి, వాటిని కలిపి కొత్తగా మిక్స్ చేశారు. మరి సరౌండ్‌లో డ్రమ్స్ తేటగా వినిపిస్తే ఆ ఘనత అయిదు స్పీకర్లదా, ఒక తరం ముందరి టేపుదా? ఈ ఆల్బం సరౌండ్‌ను పొగిడేవారు ఈ రెండింటినీ తరచుగా కలిపేస్తున్నారని నాకు అనిపిస్తుంది. నేను మాత్రం వాటిని విడదీసి చూడాలనుకున్నాను.

గదిని సిద్ధం చేయడమే అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టింది. ఇళ్లలో సరౌండ్ స్పీకర్లను సాధారణంగా వెనుక గోడ మూలల్లో, పైకెత్తి బిగిస్తారు. సినిమాలో వాన చప్పుడుకో, జనం గోలకో అది సరిపోతుంది గానీ, గిటారు మొత్తం వెనుక నుంచి పలకవలసిన సంగీతానికి సరిపోదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం సెంటర్ స్పీకర్ శ్రోతకు ఎదురుగా, ముందరి రెండూ చెరో 30 డిగ్రీల వద్ద, వెనుక రెండూ చెరో 110 డిగ్రీల దగ్గర ఉండాలి. అందుకోసం కుర్చీని గోడ నుంచి బాగా ముందుకు జరిపి, నేల మీద టేపు అంటించి కోణాలు గుర్తు పెట్టుకున్నాను. అయిదు స్పీకర్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి. లేకపోతే ‘మనీ’ పాటలో గది చుట్టూ తిరిగే చప్పుళ్లు ఒక్కో మూలలో ఒక్కో రంగు సంతరించుకుని, మిక్స్ చేసినవారి ప్రమేయం లేని తేడాలను మనం వారికి అంటగట్టే ప్రమాదం ఉంది. తర్వాత పింక్ నాయిస్ (స్పీకర్లను కొలవడానికి వాడే హోరు లాంటి శబ్దం) పెట్టి, కూర్చునే చోట శబ్దస్థాయి మీటరు ఉంచి, ప్రతి స్పీకరునూ 75 డెసిబెళ్లకు సర్దాను. దూరంలో మిగిలిన చిన్న తేడాలకు స్పీకర్లను నడిపే రిసీవర్లో ఆలస్యాన్ని కలిపాను. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఆ లెక్క సులువే. చివరగా, రిసీవరు తనంతట తాను చేసే హంగులన్నిటినీ ఆపేశాను.

ఇంకా ముఖ్యమైనది మిక్సుల స్థాయిని సమం చేయడం. కాస్త గట్టిగా వినిపించేదే మేలైనదని చెవి తేలిగ్గా నమ్ముతుంది, రెండు ఛానెళ్ల మిక్సూ ఆరు ఛానెళ్ల మిక్సూ వాల్యూమ్ ఒకే అంకె దగ్గర సమానంగా రావు. నెమ్మదైన చరణమూ ఉప్పొంగే పల్లవీ రెండూ ఉన్న ‘అజ్ అండ్ దెమ్’ పాటను మొదటి నుంచి చివరి దాకా కొలిచి, సగటు స్థాయి ఒకటయ్యేలా ఒక్కో మిక్సుకు వాల్యూమ్ అంకె నిర్ణయించుకుని, ఆ తర్వాత దాన్ని కదపలేదు. డిజిటల్ ఫార్మాట్ల తేడా కూడా లెక్కలోకి తీసుకున్నాను. స్టీరియో, 5.1 రెండూ బ్లూరే మీద 24 బిట్లు, 96 కిలోహెర్ట్‌జ్‌లో ఉన్నాయి. కనుక వాటి మధ్య పోటీ న్యాయమైనదే. క్వాడ్ మాత్రం డీవీడీ మీద, కుదించిన డాల్బీ డిజిటల్ రూపంలో ఉంది. అందువల్ల క్వాడ్‌ను శబ్దాల అమరిక విషయంలోనే తూచాను, నాదపు నాణ్యత విషయంలో దానికి మార్కులు వేయలేదు.

‘టైమ్’ పాటతో మొదలుపెట్టాను. ఆ గడియారాల మోతను పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కొక్కటిగా రికార్డు చేశారు, అదీ ఈ ఆల్బం కోసం కాదు, క్వాడ్ ప్రదర్శన కోసం. ఈ సంగతి తెలిశాక స్టీరియోలో ఆ గడియారాలన్నీ ఎదుటి గోడకు వరుసగా తగిలించినట్టు ఎందుకుంటాయో అర్థమైంది. సరౌండ్‌లో అవి గదంతా మోగుతాయి, శ్రోత వాటి నడుమ ఉంటాడు. ఆ శబ్దం పుట్టిన ఉద్దేశం అదే. ‘ఆన్ ద రన్’లోని సింథసైజర్ పరుగు, ‘మనీ’ మొదట్లోని నాణేల చప్పుళ్లు కూడా సరౌండ్‌లోనే తమ పూర్తి రూపం పొందుతాయని నా నిశ్చితాభిప్రాయం. ఈ బృందం 1967 మేలోనే లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ హాలులో, శబ్దాన్ని హాలు చుట్టూ తిప్పే ‘అజిమత్ కోఆర్డినేటర్’ అనే పరికరాన్ని వాడింది. చుట్టూ తిరిగే శబ్దం వారికి తర్వాత అతికించుకున్న అలంకారం కాదు.

క్వాడ్‌కూ 5.1కూ తేడా కూడా ఈ పాటల్లోనే తెలిసింది. క్వాడ్‌లో శబ్దాలు మూల నుంచి మూలకు దూకుతున్నట్టు ఉంటాయి. మన చెవులు రెండు పక్కల ఉండడం వల్ల, ఎదుటి రెండు స్పీకర్ల మధ్య శబ్దం నిలబడినంత గట్టిగా పక్కనున్న ముందు, వెనుక స్పీకర్ల మధ్య నిలబడదు. గత్రీ మిక్సులో ఆ కదలిక మరింత నున్నగా సాగుతుంది. అయినా పార్సన్స్ క్వాడ్‌లోని సాహసం నాకు ఎక్కువ నచ్చింది. వాయిద్యాలను వెనక్కి పంపడానికి ఆయన ఏమాత్రం జంకలేదు.

టేపు తరం ప్రశ్నను ‘టైమ్’ పాటలోనే, గడియారాలు ఆగాక బృందం డ్రమ్మరు నిక్ మేసన్ రోటోటామ్‌లు (తిప్పి శ్రుతి మార్చగల చిన్న డ్రమ్స్) వాయించే భాగంతో పరీక్షించాను. అక్కడ వాయిద్యాలు తక్కువ. ఒకదాన్ని మరొకటి కప్పేసే అవకాశం దాదాపు లేదు. వెనుక స్పీకర్ల తీగలు తీసేసి, 5.1 మిక్సును ముందరి స్పీకర్లతోనే విన్నాను. స్టీరియో కన్నా దెబ్బ అంచు అప్పటికీ పదునుగానే ఉంది, తోలు మోగి ఆరిపోయే తీరు విడిగా తెలుస్తూనే ఉంది. అంటే ఆ స్పష్టతలో పెద్ద భాగం టేపుకూ గత్రీ పనితనానికీ చెందుతుంది, స్పీకర్ల సంఖ్యకు కాదు.

అయితే ‘అజ్ అండ్ దెమ్’ దగ్గర నా మొగ్గు మారింది. చరణంలో పదాల ప్రతిధ్వనులు వెనక్కి సాగిపోవడం సరౌండ్‌లో ఎంతో అందంగా ఉంది. పల్లవి వచ్చేసరికి బృంద సభ్యులు డేవిడ్ గిల్మర్, రిక్ రైట్ గొంతులు, నలుగురు వంతపాట గాయనులు, ఆర్గన్, డిక్ పారీ శాక్సఫోన్ అన్నీ కలిసి స్టీరియోలో ఇరుకు వీధిలోకి ఊరేగింపు వచ్చినట్టు మీదికి వస్తాయి. 5.1లో ఎవరి చోటు వారికి దొరికింది, ఎవరి గొంతు వారిది విడిగా వినిపిస్తుంది, కానీ ఆ ఒరిపిడి పోయింది. మీటరు స్థాయి సమానమేనని చెబుతున్నా, చరణం నుంచి పల్లవికి ఎక్కే ఎత్తు నాకు తగ్గినట్టే అనిపించింది. క్రిస్ థామస్‌ను పిలిపించిందే, ప్రతిధ్వని తక్కువగా, పొడిగా ఉండాలన్న బృంద సభ్యులు రోజర్ వాటర్స్, మేసన్‌లకూ, నీటిలో తడిసినట్టు ఉండాలన్న గిల్మర్, రైట్‌లకూ మధ్య తగవు తీర్చడానికని అంటారు. ఆ రాజీ రెండు ఛానెళ్ల కొలతకు కుదిరిన రాజీ. గాయని క్లేర్ టోరీ గొంతు నింపే ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ని కూడా నేను స్టీరియోలోనే వింటాను. ఆ గొంతు, రైట్ పియానో ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. వాటి మధ్య జాగా పెరిగిన కొద్దీ ఆమె ఒంటరితనం తగ్గిపోతుంది.

పాటల మధ్య వినిపించే మాటలకు మాత్రం 5.1 ఎంతో మేలు చేసింది. వాటర్స్ కార్డుల మీద ప్రశ్నలు రాసి స్టూడియోలో కనబడినవారినల్లా అడిగి రికార్డు చేసిన జవాబులవి. చివర్లో ఆబీ రోడ్ ద్వారపాలకుడు జెరీ ఓడ్రిస్కల్ చెప్పే మాట గుండెచప్పుడు వెనుక మరుగున పడకుండా స్పష్టంగా వచ్చింది.

ఇప్పుడు ‘స్పీక్ టు మీ’ నుంచి ‘టైమ్’ వరకు, ‘మనీ’కీ 5.1 పెడుతున్నాను, మిగిలినవాటికి స్టీరియో. రెండు మిక్సుల మధ్య మారినప్పుడు పాటల అల్లిక తెగుతుంది, అది నాకు బాధగానే ఉంది, అందుకే ఆల్బం మొత్తం ఒక్క బిగిన వినాలనుకున్న రోజున స్టీరియోకే ఓటు వేస్తున్నాను. 2023లో యాభయ్యో వార్షికోత్సవ పెట్టెతో గత్రీ చేసిన అట్మోస్ (పై నుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) మిక్స్ కూడా వచ్చింది. దానికి తల మీద స్పీకర్లు కావాలి. పైకప్పుకు బిగింపులు పెట్టించి, ఇవే కోణాలతో, ‘అజ్ అండ్ దెమ్’తోనే స్థాయి సమం చేసి, ముందుగా ఆ పల్లవినే వినాలనుకుంటున్నాను.