రిపోర్టు బాగుంది, ఒళ్లు బాగలేదు

థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటూ, థైరాయిడ్ ఎట్లా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష నార్మల్‌కు వచ్చాక కూడా ఒళ్లు కుదుటపడని వాళ్లు మనలో చాలామందే ఉన్నారు. "రిపోర్టు బాగుంది కదా, ఇంకేమైంది నీకు?" అనే మాట విని విని, బాధ చెప్పుకోవడమే మానేసిన ఆడవాళ్లు నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్లలోనే ఎందరో. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. మాది అనంతపురం. పాతూరులో మా ఇంటి ముందు గదే నా కుట్టు షాపు.

జబ్బు బయటపడటం వెనక పెద్ద కథేం లేదు. బరువు పెరిగాను, పొద్దున లేవగానే మొహం ఉబ్బేది, గొంతు బొంగురుపోయింది, నెలసరి వస్తే ఒక పట్టాన ఆగేది కాదు. మే నెలలో ఊరంతా ఉక్కకు అల్లాడుతుంటే నేను ఫ్యాను తగ్గించమనేదాన్ని. టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ 42 వచ్చింది. మామూలుగా సుమారు 4 దాటకూడదట. థైరాయిడ్ హార్మోను తక్కువైతే ఈ అంకె పెరుగుతుంది. 50 మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టి మెల్లగా 100కు పెంచారు. ఈ మందు ఒంట్లో పూర్తిగా కుదురుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి, డోసు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ రక్తం ఇవ్వాలి. అంతవరకు ఓపిక పట్టడం తప్ప దారి లేదు.

కొన్నాళ్లకు రిపోర్టులో 2.1 అని వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఏ తేడా లేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది చేతులు. సూదిలో దారం ఎక్కించబోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారేవి. సూది పట్టుకున్నానో లేదో కళ్లతో చూసుకోవాల్సిందే. హుక్కులు కుట్టేటప్పుడు సూది గుచ్చుకుని రక్తం వచ్చినా, లైనింగ్ గుడ్డ మీద మరక కనిపించేదాకా తెలిసేది కాదు. అర్ధరాత్రి కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే గానీ తగ్గేది కాదు. మెదడు కూడా అంతే. భుజం 14, చెయ్యి పొడవు 9 అని నోటితో అనుకుంటూనే పుస్తకంలో రాసేలోపు మర్చిపోయేదాన్ని. టేపు మళ్లీ తీస్తే "ఇప్పుడే కొలిచినావు కదక్కా" అనేవాళ్లు. ఇరవై ఏళ్లుగా ఈ చేతుల మీదే ఇల్లు నడుస్తోంది. వాటి మీద నమ్మకం పోతే ఎట్లా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

డాక్టరు దగ్గరికి వెళ్తే రిపోర్టు చూసి, "థైరాయిడ్ కంట్రోల్‌లో ఉందమ్మా. టెన్షన్ తగ్గించుకో, వాకింగ్ చెయ్" అని చీటీ చేతిలో పెట్టారు. చేతుల సంగతి చెప్తుంటే తర్వాతి పేషెంటును పిలిచారు. ఇంటికొస్తే మా అత్త "మా కాలంలో యాడివమ్మా ఈ థైరాయిడ్లు" అంటుంది. మా ఆయన ఏమీ అనరు గానీ, "ఇంగ ఎన్ని టెస్టులు చేయిస్తావ్?" అన్నట్టు చూస్తారు. ఒకరు ధనియాల నీళ్లు తాగమన్నారు, ఇంకొకరు క్యాబేజీ ముట్టొద్దన్నారు. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తుంటే మెడికల్ షాపులో అడిగితే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఇచ్చారు. అవీ రోజూ వేసుకున్నాను.

మా ఆడబిడ్డ పోరు పెట్టి సాయినగర్‌లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ మేడం రిపోర్టు పక్కన పెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నోట్లో ఏమేం పడుతుందో వరసగా చెప్పమన్నారు. అట్లా అడిగిన వాళ్లు అంతవరకు ఎవరూ లేరు. చెప్తూ పోతే ఒక్కొక్కటే బయటపడింది.

మొదటిది బయోటిన్. కొన్ని ల్యాబ్ మిషన్లు టెస్టు చేసే పద్ధతిలోనే బయోటిన్‌ను వాడతాయట. మన రక్తంలో అది ఎక్కువుంటే లెక్క తప్పి, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. టెస్టుకు ముందు కనీసం రెండు మూడు రోజులు ఆ మాత్ర ఆపాలన్నారు. ఆపి మళ్లీ రక్తం ఇస్తే 7.8 వచ్చింది. అంటే ఆ 2.1ని చూపించి నన్ను టెన్షన్ మనిషిని చేశారన్నమాట. ఆ రోజు నాకు కోపమూ వచ్చింది, ఊరటా కలిగింది. నా ఒళ్లు అబద్ధం చెప్పలేదు.

రెండోది కాఫీ. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతోనే వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. కాఫీ వెంటనే పడితే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. నా క్యాల్షియం మాత్రను టిఫిన్ అయ్యాక వేసుకోమని చీటీలో రాసిచ్చారు తప్ప, ఎడం సంగతి ఒక్కరూ చెప్పలేదు. అందుకే నాకో పద్ధతి పెట్టుకున్నాను. మా వీధిలో కొళాయి తెల్లవారుజామునే వస్తుంది. నీళ్లు వదిలిన చప్పుడు వినగానే మాత్ర వేసుకుంటాను. బిందెలు, డ్రమ్ము నింపి వాకిలి కడిగేసరికి గంట దాటుతుంది, అప్పుడు కాఫీ. క్యాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక.

మూడోది ఎండ. మాది బండల మిద్దె. వేసవిలో రాత్రి పదయినా పైకప్పు వేడి దిగదు. నా మాత్రల సీసా స్టవ్వు పైనున్న గూట్లో ఉండేది. ఈ మందు వేడికి, వెలుతురుకు, తేమకు బలం తగ్గుతుందని మేడం చెప్పారు. నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఇది ముందుగా చెప్పాల్సిన మాట! ఇప్పుడు సీసాను పడకగదిలో బీరువా కింది అరలో పెడుతున్నాను. వేసవిలో పెద్ద సీసా కొనకుండా, కావాల్సినంతే తెచ్చుకుంటాను.

డోసు ఒక్క మైక్రోగ్రాము కూడా పెంచకుండానే తర్వాతి టెస్టులో 2.4 వచ్చింది. ఈసారిది నిజం లెక్క. మొహం వాపు తగ్గింది, గొంతు తేటపడింది. అయినా సాయంత్రమయ్యేసరికి కాళ్లు ఈడ్చుకుంటూనే నడిచేదాన్ని, జుట్టు రాలడమూ ఆగలేదు. టీఎస్‌హెచ్ సరిగ్గా ఉన్నా వందలో 5 నుంచి 10 మందికి నీరసం లాంటివి మిగులుతాయని, అలాంటప్పుడు అన్నీ థైరాయిడ్ మీద వేసి ఊరుకోకుండా వేరే కారణాలు వెతకాలని మేడం చెప్పారు. బి12, విటమిన్ డి, షుగరు, ఫెరిటిన్ రాశారు. రాత్రి గురక ఉందా అని మా ఆయన్ను అడిగారు. మనసు ఎట్లా ఉందని నన్ను అడిగారు, నేను చెప్పేదాకా ఆగారు.

హిమోగ్లోబిన్ 11.6, కొంచెమే తక్కువ. ఫెరిటిన్ మాత్రం 9. అంటే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటాయి. థైరాయిడ్ తక్కువైతే నెలసరి ఎక్కువవుతుంది, నెలసరి ఎక్కువైతే ఐరన్ పోతుంది, ఐరన్ లేకపోతే మళ్లీ నీరసం, జుట్టు రాలడం. దీన్ని ఎవరూ వెతకలేదు, ఎందుకంటే అందరూ టీఎస్‌హెచ్ ఒక్కటే చూశారు. ఐరన్ మాత్ర రాత్రికి పెట్టారు, పొద్దుటి మాత్ర జోలికి రాకుండా. నెలల తరబడి వాడితే గానీ నిల్వలు నిండవు. మూడో నెలలో కాబోలు, పండగ ఆర్డర్లు పూర్తి చేసి కూడా రాత్రి వంట నేనే చేశాను.

యాంటీ టీపీఓ అనే ఇంకో రక్తపరీక్షలో నాది హషిమోటో అని తేలింది. 1912లో జపాన్ డాక్టరు హకారు హషిమోటో మొదట వివరించిన జబ్బు. మన ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద పడి మెల్లమెల్లగా పాడుచేస్తుంది. ఉప్పులో అయోడిన్ పెంచితే నయమయ్యేది కాదు. క్యాబేజీ ఉడికించి మామూలుగా తినొచ్చు.

డోసు ఇంకొంచెం పెంచితే ఇంకా బాగుంటానేమో అని అడిగాను. 2.4 నార్మలే అయినా నాకు సరిపోయేది వేరేమో అని నా అనుమానం. 36 అని రాసున్న రెడీమేడ్ జాకెట్ 36 సైజు వాళ్లందరికీ కుదరదు కదా. మేడం కొట్టిపారేయలేదు. ఒక్కో మనిషికి ఒక్కో లెక్క ఉంటుందన్నది నిజమేనన్నారు. కానీ టీఎస్‌హెచ్ మరీ కిందికి పోతే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం ఉంటాయి, నలభై దాటిన ఆడవాళ్లతో ఆ ఆట ఆడనన్నారు. టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోను మాత్ర కలిపి ఇచ్చే పద్ధతీ ఉందట. పరిశోధనల్లో అందరికీ మేలు చేస్తుందని తేలలేదు, కొందరికి స్పెషలిస్టు కనిపెట్టి చూస్తూ ఇవ్వొచ్చు. నాకు ఇప్పుడే వద్దన్నారు, నేనూ సరేనన్నాను. కారణం చెప్పి వద్దంటే ఒప్పుకోవడానికి నాకేం కష్టం లేదు.

ఇంకా పూర్తిగా బాగయ్యానని చెప్పను. పొద్దున చేతులు చల్లగానే ఉంటాయి. కొలతలు ఇప్పుడు మర్చిపోవడం లేదు గానీ, కుడిచేతి మూడు వేళ్ల తిమ్మిరి సగమే తగ్గింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం వల్ల అది, థైరాయిడ్ తక్కువున్న వాళ్లలో ఎక్కువ. రాత్రిపూట పట్టీ కట్టుకుని పడుకుంటున్నాను. చేతి హెమ్మింగ్, హుక్కుల పని పక్కింటి అమ్మాయికి నేర్పించి అప్పగించాను, కటింగ్, మిషన్ పని నాది. వచ్చే నెల మళ్లీ టెస్టులున్నాయి. అప్పటికీ వేళ్లు ఇట్లాగే ఉంటే నరాల పరీక్ష చేయిద్దామన్నారు.