ఢిల్లీ గోరింక, జిమ్మీ హామిల్టన్ కుర్చీ

న్యూజెర్సీలో మా టౌన్‌షిప్‌కి ఒక బిగ్ బ్యాండ్ ఉంది, అంటే శాక్సోఫోన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు వరసల్లో కూర్చుని జాజ్ వాయించే పెద్ద బృందం. సోమవారం రాత్రుళ్ళు ప్రాక్టీసు. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, రిటైరైన స్కూలు టీచర్లు, ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు కాలేజీ పిల్లలు, నేను. కిందటి సీజన్‌కి మా డైరెక్టర్ ఎంచుకున్నది అమెరికన్ జాజ్ సంగీతకర్తలు డ్యూక్ ఎల్లింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్ కలిసి రాసిన 'ఫార్ ఈస్ట్ సూట్' ఆల్బం. పార్టులు, అంటే ఎవరు వాయించాల్సింది వాళ్ళకి రాసిన కాగితాలు, పంచుతూ ఆయన 'ఆగ్రా', 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ' అని పేర్లు చదవగానే అందరి తలలూ నావైపు తిరిగాయి. "ఇవి మీ ఊరి పాటలేగా?" అన్నాడు ట్రాంబోన్ వాయించే పెద్దాయన, చాలా ఆప్యాయంగా. మాది రాజమండ్రి. ఢిల్లీలో నేను చూసింది విమానాశ్రయం ఒక్కటే. తాజ్‌మహల్‌ని ఆ పెద్దాయన చూశాడట, నేను చూడలేదు. అయినా ఆ సీజనంతా ఆ బ్యాండులో ఆగ్రాకి ప్రతినిధిని నేనే.

ఆల్బం కథ కొంత చెప్పాలి. 1963 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ ఎల్లింగ్టన్ బృందాన్ని పర్యటనకి పంపింది. డమాస్కస్‌తో మొదలుపెట్టి అమ్మాన్, కాబూల్, ఢిల్లీ, హైదరాబాద్, బెంగళూరు, మద్రాసు, బొంబాయి, ఢాకా, లాహోర్, టెహ్రాన్, ఇస్ఫహాన్, బాగ్దాద్ మీదుగా బీరూట్ దాకా తిరిగారు. నవంబరు 22న అంకారా చేరేసరికి కెనెడీ హత్య జరిగింది, మిగిలిన కచేరీలు రద్దయ్యాయి. జాబితాలో హైదరాబాద్ కనిపించగానే నాకు కొంచెం గర్వంగా అనిపించింది. తీరా ఆల్బంలో చూస్తే ఢిల్లీకి ఒక పాట, ఆగ్రాకి ఒకటి, ఇస్ఫహాన్‌కి ఒకటి. హైదరాబాద్‌కి ఏమీ లేదు. ఆ ఫిర్యాదు నాకు ఇప్పటికీ ఉంది.

పర్యటన నుంచి రాగానే ఎల్లింగ్టన్ మొత్తం రాసేయలేదు. విన్నదాన్ని విన్నట్టు దించేస్తే నకలు అవుతుందని ఆయన జంకు. కొన్ని భాగాలు 1964లో వాయించారు, మిగిలినవి నెమ్మదిగా చేరాయి. జపాన్ వెళ్ళొచ్చాక 'యాడ్ లిబ్ ఆన్ నిప్పాన్' కలిసింది. 1966 డిసెంబరులో న్యూయార్క్‌లో రికార్డు చేసేనాటికి ఎల్లింగ్టన్‌కి 67 ఏళ్ళు. పాప్ సంగీతంలో సితార్ మోజు అప్పటికే మొదలైంది, కానీ ఈ ఆల్బంలో సితార్ లేదు, తబలా లేదు. ఎప్పుడూ ఉండే ఆయన బ్యాండే. స్ట్రేహార్న్ ఆ తర్వాతి ఏడాది మే 31న చనిపోయాడు. ఆల్బంకి గ్రామీ వచ్చింది 1968లో.

నాకిచ్చిన కుర్చీ ఎల్లింగ్టన్ బ్యాండులో వాయించిన జిమ్మీ హామిల్టన్‌ది. మాటవరసకి అనడం కాదు. ఎల్లింగ్టన్ పార్టులు రాసేటప్పుడు పైన 'ఆల్టో', 'టెనర్' అని శాక్సోఫోన్ రకం కాకుండా వాయించే మనిషి పేరో ముద్దుపేరో రాసేవాడు. ఆల్టో అంటే జానీ హాడ్జెస్, బారిటోన్ అంటే హారీ కార్నీ. కార్నీ 1927లో పదిహేడేళ్ళ కుర్రాడిగా చేరి 1974లో ఎల్లింగ్టన్ పోయేదాకా అదే కుర్చీలో కూర్చున్నాడు. హామిల్టన్ 1943 నుంచి పాతికేళ్ళు. ఆయన వాయించింది టెనర్ శాక్సోఫోన్, క్లారినెట్ రెండూ. కాబట్టి నేనూ రెండూ వాయించాలి.

క్లారినెట్ నాకు కొత్త కాదు. చిన్నప్పుడు రాజమండ్రిలో గురువుగారి దగ్గర కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నాను, పాత తరహా కీల వాయిద్యం మీద. శాక్సోఫోన్ మాత్రం అమెరికా వచ్చాక, నలభై దాటాక పట్టుకున్నదే. చూడటానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ వేళ్ళని బాగా తికమక పెడతాయి. శాక్సోఫోన్ వెనక బొటనవేలి కీ నొక్కితే అదే స్వరం ఒక స్థాయి పైన పలుకుతుంది. క్లారినెట్‌లో బొటనవేలి కీ నొక్కితే స్థాయి కాదు, దాని పైన ఇంకో పంచమం కూడా దాటి పన్నెండో స్వరానికి వెళ్తుంది. గొట్టం దాదాపు పొడవునా ఒకే వెడల్పులో ఉండటం వల్ల, ఒక కొస మూసినట్టు పనిచేయడం వల్ల అలా అవుతుంది. శాక్సోఫోన్ గొట్టం శంకువులా వెడల్పవుతుంది కనక దాని లెక్క వేరు. పెదవుల పట్టు కూడా వేరే. క్లారినెట్‌కి గడ్డం బిగించాలి, టెనర్‌కి వదులు చేయాలి. పాట మధ్యలో ఒకటి స్టాండులో పెట్టి రెండోది అందుకుంటే, ఈలోపు దాని రీడు (ఊదితే అదిరి స్వరం పలికించే పల్చటి బద్ద) ఆరిపోయి ఉంటుంది. మొదటి స్వరమే కీచుమంటే ఆ టెన్షన్ పాటంతా ఉంటుంది. అందుకే విరామం దొరికినప్పుడల్లా పక్కనున్న వాయిద్యం రీడుని నోట్లో పెట్టుకుని తడిపే అలవాటు చేసుకున్నాను. చూసేవాళ్ళకి అది ఎలా కనిపిస్తుందో నేను పట్టించుకోవడం మానేశాను.

ఇవన్నీ చెమటోడిస్తే లొంగే విషయాలు. తాళం కూడా అంతే. కాగితం మీద సమానంగా కనిపించే ఎయిత్ నోట్లని (అర దెబ్బ స్వరాలని) స్వింగ్ అనే జాజ్ నడకలో మొదటిది పొడవుగా, రెండోది పొట్టిగా వాయిస్తారు. దెబ్బని మూడుగా విడగొట్టే తిశ్ర నడక అనుకుని మొదలుపెడితే దగ్గరకి వస్తాం, కానీ అచ్చంగా తిశ్రం కాదు. వేగం పెరిగేకొద్దీ అది సమానంగా విడగొట్టే చతురశ్రం వైపు జరుగుతుంది. ఎంత జరగాలో కాగితం చెప్పదు, డ్రమ్మర్ ఎడమకాలితో మోగించే జంట పళ్ళేలు, హై-హ్యాట్, చెబుతుంది. ఆ హై-హ్యాట్ పడేది రెండు, నాలుగు దెబ్బల మీద. ఆది తాళంలో సమం మీద చెయ్యి పడటం ఒంట్లో ఇంకిపోయినవాడికి బరువు అక్కడినుంచి లేచి పక్క దెబ్బకి వెళ్ళడం మొదట్లో నేల జరిగినట్టు ఉంటుంది. కారులో ఆఫీసుకి వెళ్తూ స్టీరింగ్ మీద రెండు, నాలుగు కొట్టుకుంటూ దాన్నీ దారిలోకి తెచ్చుకున్నాను.

లొంగనిది వేరే ఉంది. నాకిచ్చిన కాగితంలో పాట లేదు.

'ఇస్ఫహాన్' తీసుకోండి. స్ట్రేహార్న్ దీన్ని పర్యటనకి ముందే రాశాడు, అప్పుడు పేరు 'ఎల్ఫ్'. ఆల్బంలో ఇంతకన్నా అందమైన రాగం లేదు. రాగమంతా ఆల్టోది, అంటే హాడ్జెస్‌ది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఆయన జారుతుంటే, మన జారు గమకం ఎరిగిన చెవికి పరిచయం చేయక్కర్లేదు. ఆయన వెనక మిగతా బ్యాండు మెల్లగా కదులుతుంటుంది. ఆ కదలికలో నాది ఒక లోపలి స్వరం. చాలాచోట్ల ఒకే స్వరాన్ని పట్టుకోవడం, అర మెట్టు దిగడం, మళ్ళీ ఎక్కడం. ఇంట్లో ఒక్కణ్ణీ వాయిస్తే అది ఎక్కడా ఆగదు, ఎక్కడికీ వెళ్ళదు. కారణం లేకుండా రెండు గాంధారాలు పక్కపక్కన వాయిస్తే మా గురువుగారు ఊరుకునేవారు కాదు. ఇక్కడ బారుకి (నాలుగు దెబ్బల ఆవృత్తానికి) రెండేసి చోట్ల అదే పని. మా అమ్మాయి పక్క గదిలోంచి "నాన్నా, ఇంకా ట్యూనింగేనా?" అని అడిగింది.

కర్ణాటక సంగీతంలో పెరిగినవాడికి ఇది చిన్న ఇబ్బంది కాదు. మనకి వేదిక మీద ఎంతమంది ఉన్నా పాట ఒకటే. వయొలిన్ గాత్రం వెంటే నడుస్తుంది. నాదస్వరం జంటలో ఇద్దరూ ఒకే కీర్తన వాయిస్తారు. ప్రతి స్వరానికీ రాగంలో ఒక చోటు, ఒక ఊపు ఉంటాయి. రాగం లేని స్వరాన్ని ఎలా వాయించాలో నాకు ఎవరూ నేర్పలేదు. నేను చేయగలిగింది ఒక్కటే అనిపించి, పొడవాటి స్వరాల మీద కాస్త కంపితం (స్వరాన్ని ఊపే గమకం) పెట్టి ప్రాణం పోయబోయాను. డైరెక్టర్ బ్యాండుని ఆపి, చాలా మర్యాదగా, "అక్కడ నువ్వు పాడకు, ఉండు" అన్నారు.

ఉండటం ఎలాగో తెలిసింది మా బారిటోన్ వాయించే ఆవిడ వల్ల. ఆవిడ హైస్కూల్లో బ్యాండు మాస్టారుగా చేసి రిటైరయింది. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక నన్నూ, రెండో ట్రాంబోన్‌నీ, ఒక ట్రంపెట్‌నీ కూర్చోబెట్టి ఒక్క బారు మాత్రం చాలా నెమ్మదిగా వాయించమంది. తర్వాత నన్ను ఆగిపొమ్మంది. నేను ఆగగానే మిగిలిన ముగ్గురి స్వరమేళం మామూలు చర్చి పాటలా అయిపోయింది. మళ్ళీ వాయించమంది. నా స్వరం ట్రాంబోన్ స్వరానికి అర మెట్టు దూరంలో రాసుకుంటోంది. ఆ రాపిడిలోనే ఎల్లింగ్టన్ ఉన్నాడు. అది తీసేస్తే గోడలోంచి ఒక్క ఇటుక లాగినట్టు.

అప్పుడు ఇంకోటి కూడా అర్థమైంది. మామూలు బిగ్ బ్యాండ్ రాతలో శాక్సులన్నీ ఒక గుంపు, ట్రాంబోన్లు ఒక గుంపు. పక్కవాడిని వింటే చాలు. ఎల్లింగ్టన్ గుంపులని చీల్చి కలుపుతాడు. 1930లో వచ్చిన 'మూడ్ ఇండిగో'లోనే క్లారినెట్‌ని అట్టడుగున, ట్రాంబోన్‌ని దాని పైన ఎత్తులో పెట్టి, మధ్యలో దూరం వదిలి ఎవరూ వినని రంగు తెచ్చాడు. ఈ రకం రంగుకి 'ఎల్లింగ్టన్ ఎఫెక్ట్' అని పేరు పెట్టింది స్ట్రేహార్నే. కాబట్టి నా జోడీ నా పక్క కుర్చీలో లేడు, వెనక వరసలో ఉన్నాడు. నేను ఆ రెండో ట్రాంబోన్ పార్టు ఫొటో తీసుకుని, ఇంట్లో ఫోన్లో అతని స్వరం పెట్టుకుని దానికి నాది కలపడం మొదలుపెట్టాను. అప్పటినుంచి అది ట్యూనింగ్‌లా వినపడటం మానేసింది, కనీసం నాకు. అర మెట్టు రాపిడిలో శ్రుతి వెంట్రుకవాసి తప్పినా రంగు చెడిపోతుంది. తంబూరా పెట్టుకుని శ్రుతి సరిచూసుకునే అలవాటు నాకు పనికొచ్చింది అక్కడే.

ఇక గోరింక. స్ట్రేహార్న్ ఢిల్లీలో బస చేసిన గది దగ్గర ఒక గోరింక కూసేదట, ఆ కూతే 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ'లో క్లారినెట్ పలుకు. సీజన్ మొత్తంలో నాకున్న సోలో అదే. బ్యాండులో అందరూ నేను 'ఇండియన్‌గా' ఏదో చేస్తానని ఎదురుచూశారు. పళ్ళ డాక్టరయితే నన్ను కుర్తా వేసుకోమని కూడా అడిగాడు. ఒక రాగం సంచారాన్ని అందులో దూర్చడం నాకు కష్టం కాదు, చప్పట్లు కూడా పడతాయి. కానీ దేశదేశాలు తిరిగొచ్చి, సితార్ పెట్టకుండా మూడేళ్ళు ఆగిన పెద్దమనిషి పాట అది. దాన్ని నేను టూరిస్టు దుకాణం చేయడం నచ్చలేదు. హామిల్టన్ రికార్డింగుని నెమ్మది చేసి విన్నాను. ఆయన స్వరం శుభ్రంగా, వంపులు తక్కువగా, దాదాపు పాశ్చాత్య శాస్త్రీయ వాద్యకారుడిలా ఉంటుంది. అదే బ్యాండులో రసెల్ ప్రొకోప్ నేను నేర్చుకున్నలాంటి పాత తరహా కీల క్లారినెట్‌తో మట్టివాసన స్వరం పలికించేవాడు. నా ఒంటికి దగ్గర ప్రొకోప్, నా కుర్చీ హామిల్టన్‌ది. చివరికి పక్షి కూతని రాసినట్టే నిటారుగా వాయించి, పదాల చివర మాత్రం జారు ఉంచుకున్నాను. డైరెక్టర్ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బాగుందని లెక్క.

కచేరీ జూన్‌లో, టౌన్‌షిప్ పార్కులో. 'బ్లూ పెప్పర్'లో ట్రంపెట్ పైస్థాయి అందుకోవడానికి మా కుర్రాడు ముఖం కందగడ్డ చేసుకున్నాడు గానీ అందుకున్నాడు. 'ఆగ్రా'లో బారిటోన్ ఆవిడ వాయించాక జనం లేచి నిలబడ్డారు. అది న్యాయమే. 'ఇస్ఫహాన్'లో ఆల్టో ఒంటరిగా మిగిలే చోట పిల్లల అల్లరి కూడా ఆగింది. నా గోరింక కీచుమనలేదు.

ఇండియా నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అత్తయ్యగారు ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చాక, "ఆ నల్లటి సన్నాయిది బావుంది బాబూ. ఆ పెద్ద బూర ఊదావే, అది మాత్రం నాకు ఒక్క ముక్క వినపడలేదు. మైకు పెట్టలేదా?" అన్నారు. లోపలి స్వరం గురించి, ట్రాంబోన్‌తో అర మెట్టు గురించి కీబోర్డు మీద వాయించి చూపించాను, నా స్వరంతో ఒకసారి, లేకుండా ఒకసారి. ఆవిడ రెండూ శ్రద్ధగా విని, రెండోసారి ఏదో చప్పబడింది అని ఒప్పుకున్నారు. "అయితే మాత్రం, ఈసారి నీది ఎక్కడొస్తుందో ముందే చెప్పు, వీడియో తీయాలి. మీ మామయ్యగారికి పంపాలి కదా" అన్నారు.